కెరటం దాటాలంటే బోరా, స్ట్రోకా?

విజయనగరంలో ఒక ఇంజన్ల షెడ్డులోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. ఆటోమొబైల్ డిప్లొమా చేతికి రాగానే చేరాను, మోకాళ్లు మొరాయించాక మానేశాను. మధ్యలో ఎప్పుడు ఏ హోదా వచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అసలు అక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు నాకు ఫోన్లు చేసి, "సార్, ఇంజన్‌కి పవర్ పెంచాలంటే బోరు పెద్దది చెయ్యాలా, స్ట్రోకు పొడుగు చెయ్యాలా?" అని అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఒక్క ముక్కలో చెప్పేవాడి దగ్గరికి మాత్రం మీ ఇంజన్ తీసుకెళ్లకండి. ఇది నా మొదటి సలహా.

రెండో సలహా చెప్పడానికి రెండు ఇంజన్ల సంగతి చెప్పాలి. ఒకదానికి బోరు పెంచాను, రెండోదానికి స్ట్రోకు పెంచాను. రెండూ గెలిచాయి. మధ్యమధ్యలో కాస్త గొప్పలు పోతాను, సర్దుకోండి. రిటైరైనవాడికి ఆ మాత్రం వదిలెయ్యాలి.

శామ్యూల్ గారి పద్ధతి

సిలిండరు ఒక గొట్టం. ఆ గొట్టం లోపలి వెడల్పు బోరు. అందులో పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం స్ట్రోకు. వెడల్పు పెంచినా, దూరం పెంచినా లోపలికి వచ్చే గాలి పెరుగుతుంది. గాలి పెరిగితే ఇంధనం ఎక్కువ కాల్చొచ్చు, బలం వస్తుంది. ఇంతవరకు మా షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టు వాడికి కూడా తెలుసు.

తర్వాతే చిక్కు. "స్ట్రోకు పొడుగైతే లాగుడు ఎక్కువ సార్, చెయ్యి పొడుగైతే బోరింగు పంపు తేలిగ్గా ఆడినట్టు" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ సగం అబద్ధం. అదే ఘనపరిమాణంలో స్ట్రోకు పెంచాలంటే బోరు తగ్గించాలి. అప్పుడు చెయ్యి పొడుగైంది సరే, నెట్టే ముఖం చిన్నదైంది కదా. అటు వచ్చింది ఇటు పోయింది. అసలు తేడా వేరే చోట ఉంది. బోరు వెడల్పుగా ఉంటే సిలిండరు మూతలో, అంటే హెడ్డులో, గాలి వచ్చిపోయే పెద్ద వాల్వులకు చోటు దొరుకుతుంది. ఎంత వేగంగా తిరిగినా ఇంజన్‌కి ఊపిరి ఆడుతుంది. పిస్టను నడిచే దూరం తక్కువ కాబట్టి వేగాన్ని తట్టుకుంటుంది. స్ట్రోకు పొడుగైన ఇంజన్‌ని అంత వేగం తిప్పితే పిస్టనూ దానికి తగిలించిన రాడ్డూ గోల పెడతాయి. అదే నెమ్మదిగా తిప్పితే చిన్న వాల్వులతోనే కడుపు నింపుకుని నిదానంగా లాగుతుంది.

ఇదంతా నాకు నేర్పింది మా ఫోర్‌మన్ శామ్యూల్ గారు. బాప్టిస్టు చర్చిలో పాట ఎత్తుకుంటే గోడలు అదిరే గొంతు ఆయనది. అదే గొంతుతో మమ్మల్ని తిట్టేవారు. ఏ బండి వచ్చినా విప్పనిచ్చేవారు కాదు. "ఒరే రమణా, పిస్టన్ కొలిసీముందు పని కొలవాల. ఈ ఇంజను ఎక్కడ బతుకుతాదో అడిగినావేటి?" అనేవారు. ఇంజన్‌ని విప్పేముందు ఒక పూటైనా దాని వెంట తిరగాలి, అదీ ఆయన పద్ధతి. లారీ అయితే డ్రైవరు పక్కన కూర్చోవాలి. నీళ్లు తోడే ఇంజన్ అయితే పొలం గట్టు మీద కూర్చోవాలి. ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆయన ఫోటో మా ఇంట్లో దేవుడి అరమర పక్కనే ఉంది.

బోరు గెలిచిన బండి

ప్రభుదాసు శామ్యూల్ గారి కొడుకు. శ్రీకాకుళంలో ఒక బడిలో ఆటల మాస్టారు. నలభై దగ్గర పడుతున్నా మట్టి ట్రాకుల మీద మోటారు సైకిల్ రేసుల పిచ్చి వదల్లేదు. 2010 దాటిన కొత్తలో, శామ్యూల్ గారు పోయిన తర్వాత, తన బండి తోసుకుంటూ షెడ్డుకు వచ్చాడు.

"అన్నయ్యా, నాన్నుంటే సేసిపెట్టీవోడు. ఇప్పుడు నువ్వే దిక్కు. నా ముందు ఎవడూ ఉండకూడదు, అంతే."

తండ్రి పద్ధతి కొడుకు మీదే ప్రయోగించాను. ఒక ఆదివారం అతని ట్రాకు పక్కన నిలబడి విన్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఇంజన్ ఒక్కసారి కూడా నెమ్మదించలేదు. మలుపులో గేరు దించుతాడు, మళ్లీ కీచుమనిపిస్తాడు. ఆ ఇంజన్ బతికేదంతా పైవేగంలోనే. వేగం పడిపోతే కాపాడటానికి కాలి కింద అయిదు గేర్లున్నాయి. ఇంక ఆలోచించేదేముంది? బోరు.

సిలిండరు లోపల కొత్త గొట్టం, అంటే స్లీవు వేశాను, పెద్ద పిస్టను పెట్టాను, గాలి లోపలికొచ్చే వాల్వు పెద్దది చేసి దారి నునుపు చేశాను. పిస్టను ఊపుని తిప్పుడుగా మార్చే క్రాంకు జోలికి పోలేదు. తర్వాతి రేసులో ప్రభుదాసు మొదటివాడిగా వచ్చాడు. రెండోవాడు ఆమడ దూరంలో ఉన్నాడు. ఆ వారం షెడ్డులో నా నడకే మారిపోయిందని మావాళ్లు నవ్వుకున్నారు. నవ్వనీ.

ఆ రేసు వీడియో ఫోనుల్లో తిరిగి తిరిగి సముద్రం ఒడ్డుకు చేరింది. అక్కడ మొదలైంది అసలు కథ.

దానయ్య పడవ

ఒకరోజు ముగ్గురు మనుషులు ఆటోలో ఇంజన్ వేసుకుని షెడ్డుకు వచ్చారు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక మత్స్యకార పల్లె వాళ్లు. దానయ్య, అతని భార్య పోలమ్మ, ఆమె అన్న అప్పన్న. ఇంజన్ చిన్న డీజిలుది, ఒకే సిలిండరు, గాలితో చల్లబడేది. దానికి తోకలా పొడుగాటి షాఫ్టు, చివర నీళ్లలో తిరిగే ఫ్యాను.

మాట్లాడిందంతా అప్పన్నే. "మేస్త్రీగారూ, ఆ మోటార్ సైకిల్‌కి సేసినట్టే దీనికీ సేసీయండి. బోరు ఎంత పెద్దదవుతాదో అంత. అరుపు ఊరంతా ఇనబడాల."

 ఇంత బలం దేనికని అడిగితే పోలమ్మ చెప్పింది. ముందటేడు వేటకు వెళ్తుంటే ఒడ్డు దగ్గర కెరటాల్లోనే పడవ అడ్డం తిరిగి బోల్తా పడింది. ఎవరి ప్రాణాలూ పోలేదు గానీ, పడవ మీద పనిచేసే గురవయ్య అనే కళాసీకి మెడ కింది ఎముక విరిగింది. అప్పటి నుంచి దానయ్య పడవ కెరటం దాటదని పేరు పడిపోయింది. ఒక్క కళాసీ కూడా ఎక్కడం లేదు. మనుషులు లేకుండా పెద్ద వల ఎవరు లాగుతారు? సొంత పడవ ఒడ్డున పెట్టుకుని దానయ్య వేరేవాళ్ల పడవల్లో కూలికి వెళ్తున్నాడు.

"గంగమ్మ పండగకి మా ఊల్లో పడవల పందెం ఉంటాది" అంది. "ఏ పడవ గెలుస్తాదో ఆ పడవలోనే అమ్మోరి ఘటాన్ని సముద్రంలోకి తీసుకెల్తారు. అమ్మోరు ఎక్కిన పడవని ఇంక ఎవులూ కాదనరు బాబూ."

"గెలవకపోతే?"

"పడవ అమ్మీస్తాం. ఈడికి ఇంకో పని రాదు. ఒడ్డున కూకుంటే బతకడు." పోలమ్మ ఏడవలేదు. చేపల ధర చెప్పినట్టు చెప్పింది. 

ఇంజన్ ముట్టుకోనని, ముందు సముద్రం చూడాలని చెప్పాను. అప్పన్నకు చిర్రెత్తింది. "ఇంజను ఇక్కడుంటే సముద్రం దగ్గర ఏటుంటాదండీ?"

"దీని పని ఉంటాది" అన్నాను. ఇంజన్‌ని మళ్లీ అదే ఆటో ఎక్కించారు. అప్పన్న దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడట.

ఒడ్డున కూర్చుని విన్నది

ఆ వారమే తెల్లారకట్ల బస్సెక్కి వెళ్లాను. ఒడ్డున పడవలన్నీ సముద్రం వైపు ముక్కు పెట్టి వరసగా ఉన్నాయి. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. రేపు ఏ పడవలో వేటకు వెళ్లదలచుకున్నాడో, ఆ పడవలో మనిషి తన తెడ్డు ముందురోజు సాయంత్రమే పెట్టి వెళ్తాడు. మాట ఇచ్చినట్టే లెక్క. వేరే పడవల్లో అయిదేసి తెడ్లున్నాయి. దానయ్య పడవలో రెండే, అతనిదీ బావ అప్పన్నదీ.

ఒక్కో పడవా వెళ్లడం చూశాను. పెద్ద కెరటాలు పోయి కాస్త సందు దొరకగానే అందరూ కలిసి తోస్తారు. ఎక్కకపోయినా తోయడానికి మాత్రం ఊరంతా వస్తుంది. నడుములోతు రాగానే ఎక్కేసి ఇంజన్ మొదలెట్టి తోకని నీళ్లలోకి దించుతారు. కెరటం ఎక్కినప్పుడు పడవ వెనకభాగం లేచి ఫ్యాను గాలిలో తిరుగుతుంది, ఇంజన్ కేకలు పెడుతుంది. మరుక్షణం దిగి ఫ్యాను నీళ్లను కరుస్తుంది. అప్పుడు ఇంజన్ గొంతు ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడ నిలబడ్డ ఇంజన్ దాటుతుంది. అక్కడ ఆగిపోయినది తర్వాతి కెరటానికి అడ్డంగా దొరుకుతుంది.

కళ్లు మూసుకుని ఇసుకలో కూర్చుని ఇదే వింటున్నాను. తోసేవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. తర్వాత దానయ్యనీ అప్పన్ననీ వాళ్ల పడవ మొదటి కెరటం దాకా తీసుకెళ్లమన్నాను. గాలిలో ఉన్నంతసేపూ ఆ ఇంజన్ ఊరు అదిరేలా అరిచింది. ఫ్యాను నీళ్లను కరవగానే ప్రాణం పోయినట్టయింది. వెనక్కి వచ్చేశారు.

"దీన్ని ఇంతకుముందు ఎవరు ముట్టుకున్నారు?" అని అడిగాను. ఎవరో మెకానిక్ ఇంజన్ ఊపు నిలబెట్టే బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీలుని చెక్కి బరువు తగ్గించాడు, వేగం పెంచాడు, సైలెన్సరు కోసేశాడు.

"ఎక్కడ నడిపి చూశారు?"

"మొగలోనండి" అన్నాడు దానయ్య. ఏరు సముద్రంలో కలిసే చోటు, నిశ్చలమైన నీళ్లు. "అక్కడ బాణంలాగ ఎల్లింది."

తప్పంతా అక్కడే ఉంది. ఆ ఊళ్లో ఇంజన్‌ని ఒడ్డున నిలబడి చెవితో తూస్తారు. ఎంత అరిస్తే అంత మొనగాడు. ఏటి మొగలో అరిచినదాన్ని చూసి మురిసిపోయి కెరటాల్లోకి తీసుకెళ్లారు. అరవడం వేరు, లాగడం వేరు.

"స్ట్రోకు పెంచుతాను" అన్నాను. "బోరు ముట్టుకోను. ఫ్లైవీలుకు పాత బరువు తిరిగి వస్తుంది. సైలెన్సరు కూడా."

అప్పన్న మొహం ఎర్రబడింది. "ఆ బాబుకి బోరూ, మాకు స్ట్రోకా? ఆయన మీకు తెలిసినోడనేటి?"

నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఆ బండికి కాలి కింద అయిదు గేర్లున్నాయి. నీ పడవకి ఎన్ని ఉన్నాయి?"

"నేవు."

"మరి కెరటం నీ కోసం గేరు మారుస్తుందా? పడిపోయిన వేగం నుంచే ఇంజన్ లేచి లాగాలి. అది అడుగున బతికే ఇంజన్, అర్థమైందా?"

అప్పుడు దానయ్య మధ్యలో కలగజేసుకున్నాడు. "మేస్త్రీగారూ, మీరు సెప్పినట్టే సెయ్యండి. గానీ ఒక మాట. పందేనికి పడవలో నలుగురుండాల. నానూ మా బావా ఇద్దరమే. కళాసీలు రారు. దీని మీద మీకంత నమ్మకముంటే మీరూ ఎక్కండి."

నాది శ్రీముఖలింగం దగ్గర పల్లె. వంశధారలో మునిగి పెరిగాను గానీ, సముద్రమంటే పాదాలు తడుపుకోవడానికే. పోలమ్మ నా మొహం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎక్కుతానని చెప్పేశాను. కోపంలో ఒప్పుకున్న పనులు నా జీవితంలో చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ మంచిది ఇదే.

షెడ్డులో

ఇంజన్ విప్పాక బ్యారెల్, అంటే సిలిండరు గొట్టం, కొలిచాను. ఇంతకుముందే రెండుసార్లు బోరు చేసి ఉంది, గోడలో ఇంక పస లేదు. ఇంకోసారి కోస్తే వేడికి వంకర పోతుంది. ఈ సంగతి అప్పన్నకు ఫోన్‌లో చెప్పాను. 

స్ట్రోకు పెంచడం ఎలాగో కుర్రాళ్ల కోసం చెబుతాను. క్రాంకు మీద రాడ్డు పట్టుకునే పిన్ను ఉంటుంది. దాని బయటివైపు వెల్డింగుతో లోహం ఎక్కించాలి. తర్వాత పాత సైజుకే గ్రైండ్ చెయ్యాలి, కానీ కేంద్రం రెండు మిల్లీమీటర్లు బయటికి జరగాలి. పిస్టను పైకి రెండు, కిందికి రెండు ఎక్కువ నడుస్తుంది. అంటే స్ట్రోకు నాలుగు పెరిగింది. పైన అలాగే వదిలేస్తే పిస్టను పోయి హెడ్డుకు గుద్దుకుంటుంది. అందుకని బ్యారెల్ కింద రెండు మిల్లీమీటర్ల మందం ప్లేటు వేసి లేపాలి. బ్యారెల్ లేచింది కాబట్టి వాల్వులను తోసే కడ్డీలు కూడా ఆ మేరకు పొడుగవ్వాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ నిన్ను లెక్క అడుగుతాయి. బోరు పనిలో ఇంత తిరుగుడు ఉండదు. అందుకే చాలామంది మెకానిక్‌లు దేనికైనా బోరే అంటారు. అది ఇంజన్ అవసరం కాదు, వాళ్ల బద్ధకం.

వెల్డింగు చేశాక క్రాంకుని పొడి సున్నంలో పాతిపెట్టి మెల్లగా చల్లారనిచ్చాం. గ్రైండింగులో పిన్ను మీద సూదిమొనంత గుంట బయటపడింది. "కనబడదులే, బేరింగు కిందకి ఎలిపోతాది" అన్నారు మా షెడ్డు యజమాని. అంతా తీసేసి మళ్లీ వెల్డింగు పెట్టించాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కనబడదులే అన్న మాట చెవిన పడగానే పని ఆపెయ్యండి. యజమాని అన్నా సరే, ముఖ్యంగా యజమాని అంటే.

బిగించేటప్పుడు పిస్టను అడుగున బంకమట్టి అంటించి, క్రాంకుని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాను. మట్టి కాగితమంత పలచగా నలిగి వచ్చింది. అంటే కింద క్రాంకుకి ఉన్న బరువుదిమ్మకి పిస్టను దాదాపు రాసుకుంటోంది. మళ్లీ విప్పి, తగినంత చెక్కి, మళ్లీ మట్టి పెట్టి చూశాకే బిగించాను. చివరగా, బరువైన ఫ్లైవీలు, తగ్గించిన వేగం, కాస్త పెంచిన డీజిలు, నీళ్లను గట్టిగా కరిచే కొత్త ఫ్యాను. స్టార్ట్ చేస్తే డుబుకు డుబుకు మంది. నాకు మాత్రం శామ్యూల్ గారి పాట విన్నట్టే ఉంది.

పిండి మిల్లు

పండగనాడు ఒడ్డు నిండా జనం. మా ఇంజన్ గొంతు వినగానే ఎవడో అరిచాడు: "దానయ్య పిండి మిల్లు తెచ్చినాడ్రోయ్! బియ్యం తెండర్రా!" ఊరంతా విరగబడి నవ్వింది. అప్పన్న తలెత్తలేదు. మా పక్క పడవకి నగరంలో బోరు బాగా పెంచిన ఇంజన్ ఉంది. దాని అరుపుకి నా చెవులు గింగుర్లెత్తాయి.

నాలుగో మనిషి ప్రభుదాసు. రేసనగానే ఎగురుకుంటూ వచ్చాడు. లైఫ్ జాకెట్ వేసుకుని, మెడలో బడి విజిల్‌తో, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అప్పన్న గంగమ్మకి దండం పెట్టాడు. నేను డీజిలు ట్యాంకు పట్టుకున్నాను.

పెద్దల కేకతో ఊరంతా తోసింది. నడుములోతులో ఎగిరి ఎక్కాం. దానయ్య తోక దించాడు. మొదటి కెరటం తేలిగ్గా పోయింది. రెండోదానికి పడవ నిట్టనిలువుగా లేచింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫ్యాను గాలిలో తిరిగింది, కానీ బరువైన ఫ్లైవీలు ఇంజన్‌ని అరవనివ్వలేదు. పడవ దబ్బున దిగింది, ఫ్యాను నీళ్లను కరిచింది. ఇంజన్ వేగం పడిపోయింది. డుబుకు... డుబుకు... నా గుండె కూడా దాంతోనే కొట్టుకుంది. అది ఆగలేదు. ఒక్కో చుట్టూ పళ్లు బిగించి లాగింది. మూడో కెరటం విరిగేలోపు దాని నెత్తి మీంచి అవతలికి దిగాం.

"దాటీసినాం!" అని అప్పన్న కేక. వెనక్కి చూస్తే పక్క పడవ అరుస్తూ అరుస్తూ రెండో కెరటం దగ్గరే గొంతు పోయి ఒడ్డు వైపు కొట్టుకుపోతోంది. అందులోవాళ్లు క్షేమం, రెండోసారి దాటి వచ్చారు కూడా. కెరటాల్లేని సాఫు నీళ్లలో వాళ్ల ఇంజన్ మాకంటే వేగమే, ఆ మాట ఒప్పుకుంటాను. పందెం మలుపుకి గుర్తుగా సముద్రంలో వదిలిన తేలుడుబుంగ చుట్టి వెనక్కి తిరిగేసరికి మా మీదికి దూసుకొచ్చేస్తున్నారు. ప్రభుదాసు ఆపకుండా విజిల్ ఊదుతున్నాడు. దానయ్య మాత్రం తొణకలేదు. ఒక కెరటం వీపు ఎక్కి, దాన్ని దాటకుండా, దానితో సమానంగా ఇంజన్‌ని అణిచిపెట్టి నడిపాడు. పడవంత దూరం ముందు మా ముక్కు ఇసుకను తాకింది.

తర్వాత నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తారు. పిండి మిల్లు అన్నవాడే "పిండి మిల్లుకీ జై!" అని గొంతు చించుకుంటున్నాడు. అప్పన్న నా చేతులు పట్టుకుని, "మేస్త్రీగారూ, నా నోరు మంచిది కాదు" అన్నాడు. నాదీ కాదన్నాను. గంగమ్మ ఘటం దానయ్య పడవ ఎక్కి, పసుపు నీళ్లు కారుతూ సముద్రంలోకి వెళ్లింది. గెలుపు ఎంత తియ్యగా ఉంటుందో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది.

సాయంత్రం బస్సు వేళకు చెప్పులు గుర్తొచ్చాయి. పడవలోనే వదిలేశాను. తీసుకుందామని ఎక్కి వంగితే దానయ్య తెడ్డు, అప్పన్న తెడ్డు, వాటి పక్కన ఇంకో రెండు కనిపించాయి. తలెత్తేసరికి ఇంకొకతను వస్తున్నాడు. కుడి భుజం కాస్త వంగి ఉంది. ఎముక విరిగిన గురవయ్య.  తన తెడ్డు మిగతావాటి పక్కన పెట్టి, పడవ అంచుని ఒకసారి తట్టి వెళ్లిపోయాడు.

దానయ్య కొంచెం దూరంలో వల సర్దుతున్నాడు. అది చూసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు తిరిగాడు. పోలమ్మ మాత్రం కళ్లు తుడుచుకోలేదు, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది.

"సూడండి మేస్త్రీగారూ, అయిదుగురూ అయిపోనారు. ఇంక మీకు సోటు నేదు. దిగీయండి."

చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయాను. నా ఉద్యోగంలో నేను అందుకున్న మర్యాదలన్నిటిలోకీ అదే గొప్పది.